ఎన్నో మైకులు – ఒక్క మాట

(విచారణ సలహా సంఘాల సభ్యులు, పఠనాలు చదివేవారు, గాయక బృందాల వారు కూడిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది ఉత్సవాలలో మాట్లాడే పెద్దలు మన మేత్రాసన చరిత్రను గురించి, తొలి గురువుల త్యాగాలను గురించి, బడులు, ఆసుపత్రులను గురించి చెప్పుతారు. నాకు అప్పగించిన విషయము వాటి పక్కన చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అది మైకులను గురించి. దేవాలయంలోగాని, సమావేశ మందిరంలోగాని నలుగురు అయిదుగురు వంతులవారీగా మాట్లాడవలసి వచ్చినపుడు ఆ మైకులన్నిటినీ ఎట్లా నడపాలి అన్నదే నేటి నా అంశము.

దీనిని ఇప్పుడు ఎందుకు చెప్పవలసి వచ్చిందో ముందుగా మనవి చేస్తాను. శతాబ్ది గుర్తుగా కొత్త మైకు సెట్టు కొనాలన్న ఆలోచన చాలా విచారణలలో ఉన్నది. విరాళాలు పోగవుతున్నవి. కూలికి పోయి వచ్చిన ఇల్లాలు కొంగు ముడి విప్పి ఇచ్చిన డబ్బు కూడా అందులో ఉంటుంది. ఆ డబ్బుతో మరి నాలుగు మైకులు, మరి రెండు పెద్ద సౌండు బాక్సులు కొంటే మాట బాగా వినబడుతుందని మనము అనుకొంటాము. కాని చాలా చోట్ల జరిగేది దీనికి విరుద్ధముగా ఉంటుంది. మైకులు పెరిగినకొద్దీ మోత పెరుగుతుంది, మాట తగ్గుతుంది. ఇది ఎందుకు జరుగుతుందో, దీనికి లోకంలో కనిపెట్టిన ఉపాయమేమిటో, ఆ ఉపాయము మనకు ఎంతవరకు అవసరమో నాకు తెలిసినంతలో చెప్పుతాను.

ఒక్క గొంతు నుండి పలు గొంతులకు

మైకు లేని రోజులలో మాట దూరము పోవాలంటే గొంతే ఆధారము. మన విజయనగరం ఇందుకు పేరు పొందిన ఊరు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) కాళ్లకు గజ్జెలు కట్టి, చేత తాళములు పట్టి, ఒంటిగొంతుతో పెద్ద సభలను కూర్చోబెట్టినవారు. 1919లో విజయనగరంలో ఏర్పడిన సంగీత కళాశాలకు వారే మొదటి అధ్యక్షులు. అదే కళాశాలలో తరువాతి కాలంలో చదివిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు (1922–1974), పి. సుశీలగారు మైకు ముందు పాడి ఇంటింటికీ వినిపించినవారు. ఒక్క కళాశాల చరిత్రలోనే మైకుకు ముందు కాలమూ, మైకు కాలమూ రెండూ మనకు కనిపిస్తున్నవి. దాసుగారి కాలమైనా, ఘంటసాలగారి కాలమైనా పాట వినిపించింది ఒక గొంతుకు ఒక దారి ఉండుట వలననే.

మన ఆరాధనలో కూడా ఒకప్పుడు అట్లాగే ఉండేది. గురువులు పీఠమువైపు తిరిగి లతీను భాషలో పూజ చేసేవారు. వాటికన్ రెండవ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దైవార్చన శాసనము తరువాత పూజ ప్రజల భాషలోకి వచ్చింది. గృహస్థులు పఠనాలు చదవసాగారు. వ్యాఖ్యానము చెప్పేవారు వచ్చారు. విశ్వాసుల ప్రార్థన ఒక్కొక్కరు ఒక్కొక్కటి పలుకుతున్నారు. గాయక బృందము ముందుకు వచ్చింది. ఇది గొప్ప మేలు. కాని దీనితోపాటే మైకులు కూడా పెరిగినవి. బలిపీఠము మీద ఒకటి, గురువుల ఆసనము దగ్గర ఒకటి, పఠన వేదిక మీద ఒకటి, వ్యాఖ్యాత స్టాండుకు ఒకటి – ఇవి నాలుగు. గాయక బృందానికి మరి నాలుగు. మొత్తము ఎనిమిది. పూజ మొదలు కాగానే ఎనిమిదింటినీ తెరిచి, పూజ ముగిసేవరకు అట్లాగే ఉంచే అలవాటు అనేక చోట్ల ఉన్నది. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

తెరిచి ఉన్న మైకు చేసే పని

ఎవరూ మాట్లాడని మైకు ఊరికే ఉంటుందని మనము అనుకొంటాము. అది ఊరికే ఉండదు. ఫ్యాన్ల హోరు, పిల్లల ఏడుపు, బయట జనరేటరు శబ్దము, గోడలకు తగిలి తిరిగి వచ్చే మారుమోత – వీటన్నిటినీ ఏరుకొని ఆంప్లిఫయరుకు పంపుతూనే ఉంటుంది. చదివే అమ్మాయి గొంతు ఒక మైకు ద్వారా వస్తుంటే, మిగిలిన ఏడింటి ద్వారా మందిరములోని గోల వస్తుంది. అన్నీ కలిపి సౌండు బాక్సులలో నుండి మన చెవిన పడతాయి.

ఇక మైకు కూత సంగతి. బాక్సులో నుండి వచ్చిన శబ్దము మళ్లీ మైకులో పడుతుంది. మైకు దానిని మళ్లీ ఆంప్లిఫయరుకు పంపుతుంది. అది పెద్దదై బాక్సులో నుండి వచ్చి తిరిగి మైకులో పడుతుంది. ఇది వడ్డీకి వడ్డీ పెరిగినట్లు పెరిగి చివరకు చెవులు చిల్లులు పడే కూతగా మారుతుంది. బాక్సు శబ్దము తిరిగి లోపలికి పోయేందుకు ఒక తలుపుకు బదులు ఎనిమిది తలుపులు తెరిచి ఉంచితే ఏమవుతుందో మీరే ఊహించవచ్చును.

దీనికి ఒక లెక్క ఉన్నది. శబ్దపు హెచ్చుతగ్గులను కొలిచే కొలత డెసిబెల్. 3 డెసిబెల్‌లు తగ్గించుట అంటే శక్తిని సగము చేయుట. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపు అయినప్పుడల్లా, కూత రాకుండా ఉండాలంటే శక్తిని 3 డెసిబెల్‌లు తగ్గించవలసి వస్తుంది. మైకులు ఒకటి నుండి రెండు అయితే 3, నాలుగు అయితే 6, ఎనిమిది అయితే 9 డెసిబెల్‌లు నష్టము. 9 డెసిబెల్‌లు అంటే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోవుట. ఎనిమిది మైకులు తెరిచిన మందిరంలో మైకు కుర్రవాడు ప్రతి ఆదివారము పిడిని తగ్గిస్తూ కూర్చోవటానికి కారణము ఇదే. అతడు తగ్గించకపోతే కూత, తగ్గిస్తే వెనుక వరుసకు మాట చేరదు. ఇందులో అతని తప్పు ఏమీ లేదు. మనము పెట్టిన ఏర్పాటే అట్లాంటిది.

ఇంకొక లెక్క కూడా చెప్పుతాను. నోటికి మైకుకు మధ్య దూరము రెట్టింపు అయితే మైకుకు చేరే మాట 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. అంటే నాలుగు మైకులు తెరిచి ఉంచుట వలన జరిగే నష్టము, చదివేవారు జానెడు దూరము నుండి రెండు జానల దూరానికి వెనుకకు జరిగినంత నష్టము. అనవసరమైన మూడు మైకులు మూసివేస్తే పైసా ఖర్చు లేకుండా ఆ నష్టమంతా తిరిగి వస్తుంది.

మరొక చిక్కు. పఠన వేదిక మైకు, వ్యాఖ్యాత మైకు పక్కపక్కన ఉండి రెండూ తెరిచి ఉన్నాయనుకోండి. చదివేవారి మాట ముందు దగ్గర మైకులో పడుతుంది, రవ్వంత ఆలస్యముగా రెండవ మైకులో పడుతుంది. శబ్దము అడుగు దూరము పోవటానికి సెకనులో వెయ్యోవంతుకు కొంచెము తక్కువ పడుతుంది. ఆ కొద్ది తేడాతో వచ్చిన రెండు శబ్దాలు మిక్సరులో కలిసినపుడు కొన్ని స్వరాలు ఒకదానినొకటి చంపుకొంటాయి. గొంతు గొట్టములో నుండి వచ్చినట్లు డొల్లగా వినిపిస్తుంది. అందుకే ఈ పని తెలిసినవారు ఒక సూత్రము పాటిస్తారు. నోటికి మైకు ఎంత దూరమో, ఆ మైకుకు పక్క మైకు దానికి మూడింతల దూరమైనా ఉండాలి. నోటికి మైకు జానెడు దూరమైతే, రెండవ మైకు మూడు జానల అవతల ఉండవలెను.

నష్టపోయేది ఎవరు?

ముందు వరుసలో కూర్చున్నవారికి, చెవులు బాగున్నవారికి, ఆ పఠనము ఇంటి దగ్గర ముందే చదువుకొని వచ్చినవారికి ఇదంతా పెద్ద నష్టముగా తోచదు. వారు సగము విని, తక్కిన సగము తామే పూరించుకొంటారు. నష్టపోయేవారు వేరే ఉన్నారు.

మొదటివారు వయసు మళ్లినవారు. వారికి శబ్దము వినబడుతుంది, మాట మాత్రము విడివడదు. మోత పెంచినకొద్దీ వారికి ఇంకా కష్టము. రెండవవారు తెలుగు ఇంటి భాష కానివారు. పాలకొండ, సీతంపేట, పార్వతీపురం వైపు కొండ ఊళ్ల నుండి వచ్చే సవర సోదరులను తలచుకోండి. తల్లి భాషలో అయితే చెవిన పడని అక్షరాన్ని మనసు పూరించుకొంటుంది. నేర్చుకొన్న భాషలో అది అంత సులభము కాదు. మందిరము మారుమోగితే, గోల ఎక్కువైతే అందరికంటే ముందు మాట పోగొట్టుకొనేవారు వారే.

మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సవరల భాషను తాము నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించాలని పాటుపడ్డారు. సవర భాషకు వారు వ్రాసిన వ్యాకరణము 1931లో అచ్చయినది. వినేవానికి అర్థము కావలెనన్న పట్టుదలతో ఒక మనిషి జీవితమంతా శ్రమపడిన నేల ఇది. అటువంటి చోట, వినేవాని చెవికి మాట స్పష్టముగా చేర్చుట అనే చిన్న మర్యాదనైనా మనము తప్పకూడదు.

మన భాష తీరు కూడా ఇక్కడ గమనించవలసి ఉన్నది. తెలుగులో క్రియ వాక్యము చివర వస్తుంది. కాదు, లేదు, వద్దు అనే మాటలు కూడా చివరనే వస్తాయి. చదివేవారి గొంతు వాక్యము చివరనే తగ్గుతుంది. ‘చేయుము’ అన్నదానికి, ‘చేయకుము’ అన్నదానికి మధ్య ఒక్క చిన్న అక్షరమే తేడా. ‘వచ్చును’, ‘రాదు’ అన్న మాటలు ఫ్యాన్ల హోరులో కలిసిపోతే వాక్యమంతా విన్నా వినని లెక్కే. ఒక్క అక్షరము పోతే ఆజ్ఞ తలకిందులయ్యే భాష మనది. అందువలన మైకుల సంగతి మనకు అలంకారము వంటిది కాదు, అవసరము.

డాన్ డుగన్ ఉపాయము

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. నాటకశాలలలో, న్యాయస్థానాలలో, శాసనసభలలో, పెద్ద కంపెనీల సమావేశాలలో అందరూ పడినదే. మైకుల దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టి, మాట్లాడేవారి మైకు పెంచుతూ తక్కినవి తగ్గిస్తూ ఉండమంటే కొంతవరకు సాగుతుంది. కాని ఎవరు ఎప్పుడు నోరు తెరుస్తారో ముందుగా తెలియదు. అతడు గమనించి పిడి తిప్పేలోగా మొదటి మాట పోతుంది.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి చెందిన డాన్ డుగన్ అనే ఆయన నాటకశాలలలో శబ్దపు ఏర్పాట్లు చూసేవారు. 1960ల చివర ‘హెయిర్’ అనే సంగీత నాటకానికి పని చేస్తూ, అనేక మైకులను ఒక మనిషి రెండు చేతులతో నడుపుట ఎంత కష్టమో చూశారు. ఆ పనిని యంత్రము చేత చేయించవచ్చునా అని చాలా ప్రయోగాలు చేశారు. 1975లో తమ పద్ధతిని శబ్ద ఇంజనీర్ల సంఘపు పత్రికలో ప్రకటించారు. 1976లో అమెరికా పేటెంటు పొందారు. మైకులను తమంత తామే సర్దుకొనేట్లు చేసే ఈ ఏర్పాటునే ఆటోమేటిక్ మిక్సరు అంటారు.

ఇందులో రెండు పద్ధతులు ఉన్నవి. మొదటిది తలుపు పద్ధతి. మైకు దగ్గర శబ్దము ఒక గీత దాటితే తలుపు తెరుచుకొంటుంది, గీత కిందికి దిగితే మూసుకొంటుంది. వినటానికి సులభముగానే ఉన్నది. కాని గీత ఎక్కడ గీయాలి? ఉదయము చల్లగా ఉన్నపుడు ఫ్యాన్లు ఆపి గీత గీస్తే, ఎండ ఎక్కి ఫ్యాన్లు వేయగానే ఆ హోరుకే తలుపులన్నీ తెరుచుకొంటాయి. గీత పైకి జరిపితే, మెల్లగా మాట్లాడే ముసలమ్మ ప్రార్థనకు తలుపు తెరుచుకోనే తెరుచుకోదు. పైగా తలుపు తెరుచుకొనేలోగా మాటలోని మొదటి అక్షరము నలిగిపోతుంది. వాక్యము చివర గొంతు తగ్గగానే తలుపు మూసుకొంటే, ఇంతకు ముందు నేను చెప్పిన ‘కుము’, ‘దు’ అనే చివరి అక్షరాలు పోతాయి.

తరువాత వచ్చినవారు ఈ పద్ధతికి మెరుగులు దిద్దారు. మాట ఆగిన తరువాత కొంత సేపు తలుపు తెరిచే ఉంచుట, చివరగా మాట్లాడినవారి మైకును మరొకరు మాట్లాడేవరకు మూయకుండుట, మందిరపు గోలను బట్టి గీతను ఎప్పటికప్పుడు జరుపుట వంటివి చేర్చారు. అమెరికాలోని షూర్ కంపెనీవారు 1983లో మరొక మార్గము తెచ్చారు. వారి మైకు ముందువైపు 120 డిగ్రీల మేరలో నుండి వచ్చిన మాటకే తెరుచుకొంటుంది, వెనుక నుండి ఎంత గోల వచ్చినా తెరుచుకోదు.

రెండవది డుగన్‌గారి పద్ధతి. దీనిని వాటాల పద్ధతి అనవచ్చును. ఇందులో గీత లేదు, తలుపు లేదు. ఇంట్లో కుంచం బియ్యమే ఉన్నవనుకోండి. ఎందరున్నా పంచవలసినది ఆ కుంచమే. అట్లాగే ఈ యంత్రము దగ్గర ఒక్క మైకుకు సరిపడే బలమే ఉంటుంది. మైకులన్నిటిలో వచ్చే శబ్దాన్ని కలిపి చూసి, అందులో ఏ మైకు వంతు ఎంతో, ఆ మైకుకు అంత బలము ఇస్తుంది.

ఒక ఉదాహరణ చెప్పుతాను. నాలుగు మైకులు ఉన్నవి. పఠన వేదిక దగ్గర ఒకరు చదువుతున్నారు. మొత్తము శబ్దములో నూటికి 97 వంతులు ఆ మైకులో, తక్కిన మూడింటిలో ఒక్కొక్క వంతు పడినదనుకొందాము. యంత్రము ఆ మైకుకు 97 వంతుల బలము ఇచ్చి, తక్కిన మూడింటికి ఒక్కొక్క వంతు ఇస్తుంది. అంటే అవి 20 డెసిబెల్‌లు తగ్గిపోతాయి. దాదాపు మూగపోయినట్లే. ఇద్దరు సమానముగా ఒకేసారి మాట్లాడితే చెరి సగము. ఎవరూ మాట్లాడకపోతే నాలుగింటికీ నాలుగో వంతు. ఫ్యాన్ల హోరు అన్ని మైకులలోను ఇంచుమించు ఒకే తీరుగా పడుతుంది గనుక ఏ మైకూ ఆ హోరును చూపించి పెద్ద వాటా అడగలేదు. నాలుగూ కలిసినా ఒక్క మైకు తెచ్చేంత హోరే తెస్తాయి. ఎన్ని మైకులున్నా మొత్తము బలము ఎప్పుడూ ఒకటే గనుక కూత భయము కూడా ఒక్క మైకుకు ఉండేంతే ఉంటుంది. ఇదంతా మనిషి చేతికి సాధ్యము కాని వేగముతో, వినేవారికి తెలియకుండానే జరిగిపోతుంది.

మనకు ఇది కొత్తగా తోచవచ్చును. కాని బుర్రకథ చూసినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. కథకుడు నడుమ నిలబడి చెప్పుతుంటే ఇరుపక్కల ఉన్న వంతలు గొంతు తగ్గిస్తారు. హాస్యము చెప్పేవాడు అందుకొనగానే కథకుడు తగ్గుతాడు. ‘తందాన’ అన్నపుడు ముగ్గురూ పంచుకొంటారు. ఎవరు తగ్గాలో, ఎవరు హెచ్చాలో ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకరినొకరు వింటూ సర్దుకొంటారు. డుగన్‌గారి యంత్రము మైకులకు నేర్పినది ఆ మర్యాదనే.

ఆ పేటెంటు గడువు తీరిపోయి చాలా కాలమైనది. ఒకప్పుడు పెద్ద సంస్థలే కొనగలిగిన ఈ ఏర్పాటు ఇప్పుడు అనేక డిజిటల్ మిక్సర్లలో లోపలనే అమర్చి వస్తున్నది. యమహా వారి మిక్సర్లు కొన్నింటిలో డుగన్ పేరుతోనే ఉంటుంది. కావున ఇది మనకు అందని వస్తువు కాదు.

యంత్రము చేయలేనివి

అంత మాత్రాన మనము దీనిని కొని పెడితే అన్నీ తీరిపోతాయని నేను చెప్పటము లేదు. ఇది చేయలేని పనులు నాలుగు ఉన్నవి. కొనేముందు వాటిని తెలిసికొనుట మంచిది.

ఒకటి. ఇది పాటకు పనికిరాదు. గాయక బృందములో నలుగురూ కలిసి పాడినపుడు గట్టిగా పాడినవారికి వాటా పెంచి, మెల్లగా పాడినవారికి తగ్గిస్తే పాట చెడిపోతుంది. కనుక మాట్లాడే మైకులను మాత్రమే దీనికి అప్పగించి, పాట మైకులను, తబలా, హార్మోనియం మైకులను వేరుగా ఉంచి చేతితోనే నడపవలెను. పాట ముగియగానే వాటిని మూయుట మరువకూడదు.

రెండు. ఇది మాటను, దగ్గును వేరు చేయదు. మైకు దగ్గర ఎవరు దగ్గినా, కాగితాలు తిప్పినా దానికీ వాటా ఇస్తుంది.

మూడు. దూరము నుండి మాట్లాడినవారిని ఇది దగ్గరకు తేలేదు. మైకుకు మూరెడు దూరములో నిలిచి, తల దించుకొని పుస్తకములోకి చదివే గొంతును ఏ యంత్రమూ బాగు చేయలేదు.

నాలుగు. ఇది గోడలను మార్చలేదు. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో మాట ఎవరికీ అర్థము కాలేదు. వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకునికి ఆ సంగతి చూడమని అప్పగించారు. ఆయన రాత్రివేళల మరొక మందిరము నుండి కుర్చీల మెత్తలు మోసుకొని వచ్చి పరిచి, ఎన్ని మెత్తలకు మారుమోత ఎంత తగ్గుతుందో కొలిచి చూశారు. మెత్తనివి శబ్దాన్ని తాగుతాయి, గట్టివి తిప్పికొడతాయి. దీని లెక్కను లోకానికి ఇచ్చినవారు ఆయనే. కూర్చున్న మనుషులు కూడా శబ్దాన్ని తాగుతారు. మన దేవాలయాలలో సిమెంటు కప్పు, నున్నని గోడలు, రాతి నేల – అన్నీ గట్టివే. పండుగనాడు జనముతో నిండినపుడు వినబడినంత స్పష్టముగా మామూలు రోజున వినబడకపోవటానికి కారణము ఇదే. ఇటువంటి చోట వెనుక గోడకు మందపాటి తెరలు కట్టినా, నేల మీద చాపలు, జంపకానాలు పరిచినా కొంత మేలు జరుగుతుంది. సౌండు బాక్సులను కప్పువైపు, గోడలవైపు కాక, కూర్చున్నవారి వైపు తిప్పినా మేలే.

మనము చేయవలసినవి

ఇక మీరు మీ విచారణలకు వెళ్లి చేయవలసిన పనులను వరుసగా మనవి చేస్తాను. ఇందులో మొదటి అయిదింటికి డబ్బు అక్కరలేదు.

మొదట, వచ్చే ఆదివారము పూజ జరిగేటపుడు ఏ సమయములో ఎన్ని మైకులు తెరిచి ఉన్నవో, వాటిలో ఎన్నింటి ముందు మనిషి ఉన్నాడో లెక్క వ్రాసికొనండి. ఈ లెక్క చూస్తే సగము సంగతి బోధపడుతుంది.

రెండవది, వ్యాఖ్యాతకు, చదివేవారికి వేరువేరు స్టాండ్లు అవసరమా అని ఆలోచించండి. ఇద్దరూ ఒకే మైకు వాడుకొంటే ఒక తలుపు మూసుకొన్నట్లే.

మూడవది, మైకు కుర్రవానికి పూజా క్రమము వ్రాసి ఇవ్వండి. ఎక్కడ ఏ మైకు తెరవాలో, ఏది మూయాలో అందులో గుర్తు పెట్టండి. అతనిని బలిపీఠము వెనుక మూలలో కాక, జనము మధ్య కూర్చోబెట్టండి. జనము ఏమి వింటున్నదో అతడు కూడా అదే వినవలెను. అతడు చేసే పని వాక్యము చదివేవారి పనికి తక్కువైనది కాదని అతనికి తెలియజేయండి.

నాలుగవది, చదివేవారికి రెండు సంగతులు నేర్పండి. నోటికి మైకు బెత్తెడు నుండి జానెడు లోపల ఉండాలి. వాక్యము చివర గొంతు దించకూడదు.

అయిదవది, ఒక పరీక్ష పెట్టండి. జనము కూర్చుని ఉండగా, ఫ్యాన్లు తిరుగుతుండగా, ఒకరు ఇరవై విడి మాటలు చదవాలి. వాటిలో ‘చేయుము’, ‘చేయకుము’ వంటి జంటలు కొన్ని ఉండాలి. వెనుక వరుసలో ఒక వృద్ధులను, తెలుగు ఇంటి భాష కాని ఒకరిని కూర్చోబెట్టి, వారు విన్న మాటలను వారు చెప్పుతుండగా పక్కనున్నవారు వ్రాయాలి. ఎన్ని సరిపోయినవో చూడండి. అనవసరమైన మైకులు మూసి మరల పరీక్షించండి. తేడా మీకే తెలుస్తుంది.

ఆరవది, ఇవన్నీ చేసిన తరువాత కూడా నాలుగైదు మాటల మైకులు తప్పనిసరి అయితే, అప్పుడు ఆటోమేటిక్ మిక్సరు సంగతి ఆలోచించండి. ఒకటి రెండు మైకులతో నడిచే కొండవార గుడికి ఇది అనవసరము. అక్కడ ఒక మంచి మైకు, సరైన చోట పెట్టిన ఒక సౌండు బాక్సు చాలును. పట్టణాలలోని పెద్ద దేవాలయాలకు, ఎనిమిది పదిమంది బల్ల చుట్టూ కూర్చుని ఒకరి తరువాత ఒకరు మాట్లాడే మేత్రాసన సమావేశ మందిరాలకు ఇది నిజముగా ఉపకరిస్తుంది. కొనేటపుడు అది తలుపు పద్ధతిదా, వాటాల పద్ధతిదా అని అడగండి. దుకాణములో విని మెచ్చుకొని రావద్దు. మన మందిరములో, మన జనము మధ్య, మన ఫ్యాన్ల కింద బిగించి, పైన చెప్పిన పరీక్ష పెట్టిన తరువాతనే డబ్బు చెల్లించండి.

సోదరీ సోదరులారా, మన పెద్దలు ఎండలో, వానలో నడిచి వచ్చి, చెట్ల కింద నిలిచి మాట చెప్పినవారు. వారికి మైకు లేదు. ఎదుట కూర్చున్న పదిమంది ముఖాలు చూస్తూ, అర్థమైనదో లేదో గమనిస్తూ చెప్పారు. నేడు మనకు మైకులున్నవి, మాట మైలు దూరము పోతున్నది, ఎదుటివారి ముఖము చూసే అలవాటు మాత్రము తగ్గింది. రేపు ఏ యంత్రము కొన్నా, కొనకపోయినా, వెనుక వరుస చివరన స్తంభము పక్క కూర్చున్న ఆ ముసలమ్మ దగ్గరకు పూజ అయిన తరువాత ఒకరు వెళ్లి, ‘అమ్మా, ఈ రోజు చదివినది నీకు వినిపించిందా?’ అని అడగండి. ఆమె ‘వినిపించింది నాయనా’ అని, విన్నది ఏమిటో రెండు ముక్కలు చెప్పగలిగితే మీ మైకు సెట్టు మంచిదే. చెప్పలేకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా దానిని మరల సరిచూడవలసిందే.